రాజు తప్పు దాచని పుస్తకం

ఆవిడ్ని అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దిండు గలీబులూ ఉతికే లాండ్రీలో, వెనక గదిలో ఆవిడ పని. తడి దుప్పటికి ఒక అంచు తను, రెండో అంచు చిన్నకూతురు పట్టుకుని, వేడి రోలర్ల మధ్యకి ముడత పడకుండా పంపాలి. ఒకప్పుడు ఆ రెండో అంచు పట్టుకునేది పెద్దకూతురు.

పెద్దది ఆ గదిలోనే పోయింది. తల్లి జ్వరంతో ఇంట్లో ఉన్న రోజున ఆవిరి గొట్టం పగిలింది. పిల్ల తలుపు దగ్గరికి పరిగెత్తింది గానీ, తలుపుకి బయటనుంచి తాళం. దుప్పట్లు పోతున్నాయని యజమాని వేయించిన తాళం. తాళంచెవి ఆయన జేబులో ఉంది, ఆయనేమో భోజనానికి ఇంటికెళ్ళాడు. అదీ సంగతి. దుప్పటి పాటి చేయలేదు పిల్ల ప్రాణం.

విచారణకి వచ్చినవాళ్ళతో తలుపు తీసే ఉందని చెప్పారు. చెప్పిందెవరనుకున్నారు? ఆ యజమానే. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే సంఘపెద్ద కూడా ఆయనే. చర్చికి కొత్త పైకప్పు వేయిస్తున్నది కూడా ఆయనే. ఇంకెవడు నోరు మెదుపుతాడు? అందరూ ఆ కప్పు కిందే కదా కూర్చోవాలి.

ఇస్త్రీ అక్క పని మానలేదు. ఎలా మానుతుంది, ఉంటున్న ఇల్లూ ఆయనదేనాయె. చిన్నది కూడా అదే గదిలోకి పనికొచ్చాక మాత్రం ఆవిడకి ఒకటే పట్టుదల. ఇప్పటికీ రోజూ వేస్తున్న ఆ తాళం తీయించాలి. అడిగింది. "చూద్దాంలే," అన్నాడాయన. మళ్ళీ అడిగింది. "నా మీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు. సిగ్గు వదిలేసిన మనిషికి మాటలకేం కరువు.

ఆదివారం ఆరాధనలో బైబిల్లోని పాత నిబంధన భాగం చదివేది ఇస్త్రీ అక్కే. రోలర్ల మోతలో మాట్లాడీ మాట్లాడీ గొంతు గట్టిపడిపోయింది, మైకు అక్కర్లేదు. కొత్తగా వచ్చిన పాస్టరుకి ఆ చదవడం నచ్చలేదు.

"ఎందుకమ్మా ఆ హత్యలూ, ఆ మోసాలూ? మనకి ప్రభువు ప్రేమ ఉంది, చాలదా?"

"ప్రభువు దగ్గర మాత్రం వేరే పుస్తకం ఉందా పాస్టరు గారూ? చిన్నప్పుడు నేర్చుకున్నదీ, పెద్దయ్యాక బోధించిందీ, సిలువ మీద ప్రాణం పోతుంటే ఆయన నోటికొచ్చిందీ ఆ పాత మాటలే. ఆయన నమ్మినదాన్ని వద్దనడానికి నేనెవర్ని?"

పాస్టరు నవ్వి ఊరుకోబోయాడు. ఆవిడ ఊరుకోలేదు.

"ఇంకోటి. ఆ పాత నిబంధన జనం తమ రాజు చేసిన పాపాన్ని తమ పుస్తకంలోనే రాసుకున్నారు. సిపాయి పెళ్ళాన్ని తెచ్చుకుని, ఆ సిపాయిని చంపించాడని. అంత గొప్ప రాజు కదా, తుడిచేద్దాం అనుకోలేదు. ప్రభువు వంశం చెప్పేచోట కూడా ఆ సిపాయి పేరు వదల్లేదు. సొంతవాళ్ళ తప్పే దాచనివాళ్ళు దేవుడి గురించి అబద్ధం చెబుతారా? మొన్న మన చర్చి చరిత్ర అని పుస్తకం వేశారే, అందులో నా కూతురు ఉందా?"



కొత్త పైకప్పు ప్రతిష్ఠ జరిగే ఆదివారం ఆవిడకి సృష్టి గురించిన భాగం ఇచ్చారు, ఎవరికీ గుచ్చుకోనిది. ఆవిడ పేజీలు తిప్పేసి ఆ రాజు కథ తీసింది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని లాక్కున్న ధనవంతుడి గురించి ప్రవక్త రాజుకి చెప్పడం, రాజు మండిపడడం, ఆ ధనవంతుడు ఎవరో కాదు రాజేనని ప్రవక్త మొహం మీదే అనేయడం, అంతా చదివింది. చదివి తలెత్తి ముందు వరసకేసి చూసింది.

యజమాని లేచాడు. తిడతాడనుకున్నారు, విసవిసా బయటికి పోతాడనుకున్నారు. ఆయన మోకాళ్ళ మీద పడి బావురుమన్నాడు. "ఆ రాజు నేనే. నేను పాపిని." సంఘం సంఘమంతా కరిగి నీరైపోయింది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, మగవాళ్ళు ఆయన్ని లేపి కావలించుకున్నారు. ఎంత వినయం, ఎంత గొప్ప మనసు అని ఒకటే పొగడ్తలు. ఏ పాపమో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగనూ లేదు.

ఇస్త్రీ అక్క పుస్తకం దగ్గరే నిలబడిపోయింది. ఆయనే వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"అయ్యా, ఆ తాళం తీయించండి," అందావిడ మెల్లగా.

"ఇప్పుడా అమ్మా అడిగేది?" పాస్టరు మందలించాడు. "ఆయన అంతలా ఏడుస్తుంటే కనపడటం లేదా? క్షమించానని ఒక్క మాట అనండి."

అందరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు. అంది. అనక ఏం చేస్తుంది. పాస్టరు ఆనందం పట్టలేక, పాత నిబంధనకి ఇంత శక్తి ఉందని తనకి ఇవాళే తెలిసిందన్నాడు.

సోమవారం పొద్దున యజమాని స్వయంగా వెనక గది దాకా వచ్చాడు. మొహం కడిగిన ముత్యంలా ఉంది. "నువ్వు చదివింది నన్ను మార్చేసింది అక్కా. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది," అన్నాడు. తల్లీకూతుళ్ళు లోపలికెళ్ళాక తలుపు మూసి తాళం వేశాడు. పాతది తుప్పు పట్టిందని కొత్తది తెప్పించాడు.

రోలర్లు వేడెక్కేదాకా చిన్నది దుప్పటి పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఆ రాజుని దేవుడు క్షమించాడా?"

"క్షమించాడు."

"మరి ఆ సిపాయి?"

"లేచి రాలేదే," అంది తల్లి. "పుస్తకం అదీ దాచలేదు. అంచు సరిగ్గా పట్టుకో, ముడత పడుతోంది."