సందులో నిలబడ్డ అమ్మలు

ఎండలు ముదిరే వేళకు ప్రతి ఏడూ అమ్మ నాకు సంచెడు ఎండుమిర్చి పంపుతుంది. హన్మకొండలో మేముండే మూడో అంతస్తు ఇంట్లో కిటికీలన్నీ తెరిచి, ముక్కుకు చున్నీ చుట్టుకొని ఆ సంచి మూతి విప్పుతాను. ముందు ఒక తుమ్ము వస్తుంది, దాని వెనక గొంతులో గరగర, ఆ వెనక కళ్లలో నీళ్లు, ఆ నీళ్లలోంచి మా బడి సందు కనిపిస్తుంది. మా ఆయన తలుపు అవతలే నిలబడి దగ్గుతూ, ఈ ఊళ్లో కారం పొడి ప్యాకెట్లు దొరకవా అని ఏటా అడిగే మాటే అడుగుతాడు. దొరుకుతాయి. ప్యాకెట్లో మా సందు దొరకదు.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారి నుంచి పక్కకు చీలిన సందు అది. రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. ఒక వైపు మా బడి పొడవాటి గోడ, గోడ మీద నుంచి వంగిన కానుగ చెట్టు కొమ్మలు, లోపల చిన్న చర్చి, పెంకుల కప్పు కింద వరసగా తరగతి గదులు. రెండో వైపు సేటు మిర్చి గోదాము. గోదాము నేను పుట్టాక వచ్చింది. బడి మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలామంది బడే గోదాముకు అడ్డం వచ్చిందన్నట్టు దాన్ని తిరగేసి చెప్పారు.

అది క్రైస్తవుల బడే గానీ చదివేది అందరం. కూలికి పోయేవాళ్ల పిల్లలం, హమాలీల పిల్లలం, ఆటో నడిపేవాళ్ల పిల్లలం. పొద్దున చేతులు జోడించి ఏసయ్య పాట పాడేవాళ్లం, మధ్యాహ్నం కానుగ చెట్టు నీడలో తొక్కుడుబిళ్ల గీసుకొని ఒంటికాలి మీద గెంతేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు, గునుగు పూలు ఒడి నిండా తెచ్చి బడి ఆవరణలోనే పేర్చి ఆడుతుంటే సిస్టర్లు వరండాలో కుర్చీలు వేసుకొని చూసేవాళ్లు, మేం పంచిన సత్తుపిండి, మలీద దోసిట్లో పట్టుకొని తినేవాళ్లు. రంజాన్ మర్నాడు నా నేస్తం షాహిదా తెచ్చే సేమ్యా గిన్నె చుట్టూ మూగి, చెంచా ఒక్కటే ఉంటే వేళ్లతోనే లాగించేవాళ్లం. క్రిస్మస్ పాకకు గడ్డి మా ఇంటి నుంచే పోయేది, వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించిన నక్షత్రాన్ని మా నాన్నే చెట్టెక్కి కట్టేవాడు. మేడారం జాతర వచ్చిన ఏడు తరగతులు సగం ఖాళీ అయ్యేవి. పోయినవాళ్లు అమ్మవారి బంగారమని తెచ్చిన బెల్లం ముక్కను సిస్టర్ కళ్లకద్దుకున్నంత భక్తిగా అందుకొని నోట్లో వేసుకునేది. ఎవరి దేవుడు ఎవరనే పంచాయితీ మా సందులోకి రాలేదు. వచ్చినా మిర్చి ఘాటుకు అక్కడ నిలిచేది కాదేమో.

మా పెద్ద సిస్టర్ పేరు లూర్దమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఆమె "అండీ, గారండీ" అని మాట్లాడుతుంటే మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన మా అమ్మలు, తర్వాత ఇంట్లో పాపాయికి జ్వరమొచ్చినా, మొగుడు తాగొచ్చినా ఆమె దగ్గరికే నడిచేవాళ్లు. సిస్టరమ్మ అనేవాళ్లు.

మా అమ్మ కొమురమ్మ, షాహిదా వాళ్లమ్మ ఖైరున్నిసా, ఇద్దరూ సేటు గోదాములోనే పనిచేసేవాళ్లు. మాఘం దాటిందంటే సందంతా ఎర్రబడేది. కుప్పల ముందు కూర్చొని తొడిమలు తీయడం, తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కకు వేయడం వాళ్ల పని. ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మ నా ముఖం ముట్టుకునేది కాదు. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట వేళ్లను వదిలేది కాదు. ప్రేమొస్తే మోచేత్తో దగ్గరికి లాక్కునేది. మిర్చి అయిపోయే దాకా నాకు అమ్మంటే మోచేతులే.

నేనూ షాహిదా నాలుగో తరగతిలో ఉన్న ఏడు పంట విరగకాసింది. గోదాము నిండి, సందులో కూడా బస్తాలు పేర్చారు. అంతకుముందు మార్కెట్ దగ్గరే ఆగిపోయే లారీలు గోదాము వాకిట్లోకే రావడం మొదలైంది. అవి వెనక్కి వస్తుంటే గోడకు వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకొని నిలబడేవాళ్లం. మాకది ఆటలానే ఉండేది.

ఒక పొద్దున ప్రార్థన గంటకు ముందు ఇద్దరం అలాగే నిలబడ్డాం. లారీ దాటిపోయిందనుకొని షాహిదా ముందుకు నడిచింది. దాని చెప్పు జారింది. చెప్పు కోసం వంగింది. దాటిపోయిందనుకున్న లారీ మళ్లీ వెనక్కి వచ్చింది. నేను అరిచానని అందరూ అంటారు, నాకు మాత్రం ఎర్రటి బస్తాలు, వాటి మధ్య దాని తెల్ల గౌను ఒక్కటే గుర్తు. సిస్టర్ గేటు నుంచి పరుగెత్తుకొచ్చి, చక్రం పక్క నుంచి దాన్ని చేతుల మీదికి ఎత్తుకొని, ఎదురొచ్చిన ఆటో ఎక్కి పెద్ద దవాఖానకు పోయింది. సాయంత్రం ఆమె తిరిగొచ్చే వరకూ మేమెవరం ఇళ్లకు పోలేదు. ప్రాణానికి భయం లేదనీ, ఎడమ కాలి ఎముక మాత్రం రెండు చోట్ల విరిగిందనీ చెప్పింది. ఆమె తెల్లని అంగీ మీద నెత్తురు ఎండి, మిర్చి రంగుకు తిరిగింది.

ఆమె సేటు దగ్గరికి పోయింది. లారీలు బడి వేళ కాని వేళ రావాలని అడిగింది. సేటు ఆమెకు కుర్చీ వేయించి, షాహిదా కోసం పండ్ల బుట్ట ఇచ్చి, పిల్లలను సందులో వదిలేసి మమ్మల్ని అంటే ఎట్లా అన్నాడట. అధికారుల దగ్గరికీ పోయింది. ఇద్దరొచ్చి సందును అటూ ఇటూ చూసి, ఇది రోడ్డు కింద లెక్కకు రాదు కాబట్టి తామేమీ చేయలేమని చెప్పి వెళ్లారు. షాహిదా నాన్న యాకూబ్ అదే గోదాములో బస్తాలు మోసే హమాలీ. ఆడపిల్ల చదివిన కాడికి చాలు, కాలు కుదిరినా బడికి పంపేది లేదని ఆయన చెప్పేశాడు. మిగిలిన ఇళ్లలోనూ అదే మాట మొదలైంది. ఉగాది దాటి మిర్చి అయిపోయే దాకా చిన్నపిల్లలను ఇంట్లోనే ఉంచుకుంటే మేలని కొందరు సిస్టర్‌తోనే అన్నారు.

ఒక సాయంత్రం అమ్మలందరూ పని నుంచి నేరుగా బడి వరండాకు వచ్చారు. కొంగులకు మిర్చి గింజలు, కళ్లలో ఎరుపు. సిస్టర్ గోడకానుకొని నిలబడి, బడి మూసేయమంటే మూసేస్తాను, పిల్లల ప్రాణం కన్నా నాకేదీ ఎక్కువ కాదండీ అంది.   అప్పుడు దవాఖాన నుంచి వచ్చి మూలన కూర్చున్న ఖైరున్నిసా లేచింది.

"నా బిడ్డ కాలిరిగిందని బడి బందువెడ్తే లారీ గెలిచినట్టే గద సిస్టరమ్మ. ఇయ్యాల బడి బంద్, రేపు సందు బంద్. మనం యాడికి పోవాలె?"

సరే, అయితే ఒక్కో తల్లి తన పిల్లల చేయి పట్టుకొని గేటు దాకా దించి పోవాలని సిస్టర్ అంది. అందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. మా అమ్మ ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆ రోజు విప్పింది.

"మా చేతులు మంట సిస్టరమ్మ, పిల్లల్ని ముట్టుకునేటట్టు లేవు. పట్టుకొని తీస్కపోము. మేమే అడ్డం నిలవడ్తం. నడుమల నుంచి పిల్లలు పోతరు."

మర్నాడు పొద్దున సందు మొదటి నుంచి గేటు దాకా అమ్మలు రెండు వరసలుగా నిలబడ్డారు. పనికి పోయే పాత చీరలు, నెత్తికి గుడ్డలు, మెడలో సిలువ గొలుసుతో బడి వంటమనిషి మరియమ్మ, బురఖా ముఖం మీద నుంచి పైకి తోసుకున్న ఖైరున్నిసా, ఆమె పక్కన మా అమ్మ. చేతులు వెనక్కి కట్టుకొని, ఒకరి భుజానికి ఒకరు భుజం ఆనించి, ముఖాలు లారీల వైపు తిప్పి నిలబడ్డారు. ఆ నడుమ నుంచి మేం పలకల సంచులు తగిలించుకొని నడిచాం. వెనక లారీ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. చీరల అవతల ఇంజన్ గుర్రుమంది, కానీ ఒక్క చీర కూడా కదల్లేదు. చివరి పిల్ల గేటు దాటి గంట మోగాక గానీ వాళ్లు పక్కకు తొలగలేదు.

గోదాము గేటు వాళ్లకు తెరుచుకోలేదు. లారీలకు అడ్డం నిలబడినవాళ్లకు పని లేదని గుమాస్తా లోపలి నుంచే చెప్పాడు. అమ్మలు ఆ గేటు ముందే ఎండలో కూర్చున్నారు. సాయంత్రం గంటకు లేచి, మళ్లీ రెండు వరసలు కట్టి మమ్మల్ని సందు దాటించారు. తెల్లారి కూడా అంతే. పనిలేని ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దూ మాపూ జొన్న గట్కే. నాన్న సణిగాడు, సేటుతో పెట్టుకొని బతుకుతామా అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది. బడి వంటింట్లో సిస్టర్ పెద్ద గిన్నెలో జావ కాయించి, గోదాము గేటు ముందు కూర్చున్నవాళ్లకు తానే లోటాలతో అందించేది. జావ పోసి వెళ్లిపోకుండా ఆమె కూడా వాళ్ల పక్కనే మట్టిలో కూర్చునేది. సిస్టర్ నేల మీద కూర్చోవడం మేం అప్పుడే చూశాం.

సేటు పాలకుర్తి వైపు ఊళ్ల నుంచి ట్రాక్టరులో వేరే ఆడవాళ్లను పిలిపించాడు. వాళ్లు దిగే వేళకు సందులో వరసలు కట్టి ఉన్నాయి, మేం నడుస్తున్నాం. ఏమైందని వాళ్లలో ఒక ముసలామె అడిగితే, ఖైరున్నిసా సంగతంతా చెప్పింది. ఆ వచ్చినవాళ్లలో కొందరు తలలు వంచుకొని లోపలికి పోయారు. వాళ్లను తప్పు పట్టలేను, ఆకలి అందరిదీ. కొందరు మాత్రం ట్రాక్టరు మళ్లీ ఎక్కారు. ముసలామె ఎటూ పోకుండా వరస చివర వచ్చి నిలబడింది. 

ఆ వారం చివర మధ్యాహ్నానికి పడమట మబ్బు లేచింది. వేసవి మబ్బును నమ్మడానికి లేదు. గోదాము వాకిలంతా ఎండబోసిన మిర్చి, లోపల చాలీచాలని మనుషులు. మేం బడి కిటికీల ఊచలు పట్టుకొని చూస్తున్నాం. సేటే వచ్చి గేటు తెరిచాడు. పెద్ద మనిషి, పంచె అంచు మట్టిలో ఈడుస్తూ, రండమ్మా, జర జల్ది రండి అన్నాడు. ఎవరూ లేవలేదు. గాలి లేచి, ఎర్రటి పొట్టు కళ్లలో పడుతోంది. ఖైరున్నిసా కూర్చున్న చోటు నుంచే చెప్పింది.

"బడి గంటకు పిల్లలు లోపలికి పోయెదాంక, మల్ల ఇంటికి పోయెదాంక, లారీ చక్రం తిరగొద్దు సేటూ. నువ్వు నోటితోని అను. గీ సిస్టరమ్మ ఇంటాంది, గీ పిల్లలు ఇంటాండ్రు."

సేటు మబ్బు వైపు చూశాడు, మా కిటికీల వైపు చూశాడు. సరే అన్నాడు. ఖైరున్నిసా, అందరికీ వినవడాలె అంది. మళ్లీ గట్టిగా అన్నాడు. అప్పుడు లేచారు. మొదటి చినుకులు పడే లోపల కుప్పలన్నిటి మీదా టార్పాలిన్లు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, తడిసి నవ్వుకుంటూ మా వరండా కిందికి పరుగెత్తుకొచ్చారు.

సేటు మాట తప్పలేదు, నిజమే. అమ్మలు మాత్రం ఆ మాటను నమ్మి ఇంట్లో కూర్చోలేదు. మర్నాడూ నిలబడ్డారు, ఆ పై ఏడు మిర్చి వచ్చినప్పుడూ నిలబడ్డారు, నేను ఆ బడి దాటి పెద్ద బడికి పోయాక కూడా నిలబడుతూనే ఉన్నారు.

షాహిదా ఈస్టర్ పండుగ తర్వాత బడికి వచ్చింది. కట్టు ఇంకా విప్పలేదు. బడికి పంపేది లేదన్న యాకూబే దాన్ని వీపు మీద మోసుకొచ్చాడు. బస్తాలు మోసి మోసి కాయలు కాచిన వీపు. రెండు వరసల నడుమ ఆయన తల ఎత్తకుండా నడుస్తుంటే, షాహిదా మాత్రం రాణిలా తలెత్తుకొని అందరికీ చేయి ఊపింది. గోదాము వాకిట్లో సేటు నిలబడి చూస్తున్నాడు. యాకూబ్ అక్కడికి వచ్చాక ఒక్క క్షణం ఆగి, బిడ్డను వీపు మీద సర్దుకొని, కావాలనే నెమ్మదిగా నడిచాడు.

మొన్నామధ్య మా పాత బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకతను రాశాడు, మన కాలంలో ఈ సేఫ్టీలు గీఫ్టీలు లేవు, అయినా పెరగలేదా, గట్టిపడలేదా అని. చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. మనం వాటంతట అవే మొలిచిన తుమ్మ చెట్లం కాదు, మన కోసం తిండి వదులుకొని లారీలకు అడ్డం నిలబడినవాళ్లు ఉన్నారని రాశాను. గట్టిపడింది వాళ్లు, మనం కాదని కూడా రాశాను. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతున్న షాహిదా, ఇప్పటికీ ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచే షాహిదా, నా రాతకు బదులుగా తన కాలి ఫొటో పెట్టింది. 

ఈ మధ్య ఒకసారి అటు పోయాను. గోదాము లేదు, దాని చోట ఫంక్షన్ హాల్ లేచింది. సందు సిమెంటు రోడ్డయింది. కానుగ చెట్టును కొట్టేశారు. బడి గోడను రెండింతలు పెంచారు, గేటుకు కెమెరాలు, పిల్లల మెడల్లో కార్డులు. మంచిదే, ఉండాలి. కానీ బడి వదిలే వేళకు వచ్చిన అమ్మలు ఎవరి బండి మీద వాళ్లే కూర్చొని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. తమ పిల్ల రాగానే ఎక్కించుకొని పోతున్నారు. ఒకరి పేరు ఒకరికి తెలిసినట్టు నాకు కనిపించలేదు.

ఖైరున్నిసా పోయి చాలా ఏళ్లయింది. అమ్మ ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకొని నడుస్తుంది. ఆ రోజు లారీ ముందర భయం కాలేదా అని ఇన్నేళ్లకు ఆమెను అడిగాను. అమ్మ నా వైపు వింతగా చూసింది.

"కాకేంది బిడ్డా. కాళ్లు గజగజ వణికినయి. పక్కపొంటి ఖైరు ఉండె. ఆమె కదలలే, నేను కదలలే."