ఒకే కప్పు, రెండు రేట్లు

2022, ఎండలు అప్పుడే ముదురుతున్నయి. నిజామాబాద్‌ల ఒక జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసుల ఇండ్లకు, దుకాణాలకు పాలసీలు రాసే కౌంటర్ నాది. పదిహేనేండ్ల సర్వీసు. ప్రీమియం ఇంతెందుకని ఎవరన్న అడిగితే “కంప్యూటర్ల అంతే చూపిస్తుందమ్మా” అని పంపుడు నాకు అలవాటు. ఆ మాట అన్నంక ఎవ్వరూ ఇంకో ప్రశ్న అడగరు.

బోధన్ నుంచి వచ్చిన షాహీన్ ఆపా అడిగింది. బజార్ల ఇంటి ముంగటి అర్రల లేడీస్ టైలర్ దుకాణం ఆమెది. తండ్రి ఇల్లును మధ్యల గోడ పెట్టి ఆమె, తమ్ముడు యూసుఫ్ పంచుకున్నరు. ఇద్దరి పాలసీ కాయితాలు నా ముంగట పక్కపక్కన పరిచింది.

“మేడం, కప్పు ఒక్కటే, గోడ ఒక్కటే. వానికన్న నాకు డబుల్ ఎందుకు?”

“కంప్యూటర్ల అట్లనే వస్తది ఆపా.”

“కంప్యూటర్ నా ఇల్లు చూసిందా? ఎవరో చెప్తేనే గదా దానికి తెలిసింది. ఏం చెప్పిండ్రో అది చూపియ్యుండ్రి.”

నాకు కోపమొచ్చింది. ఎనుక లైను పెరుగుతున్నది, ఆమె కుర్సీల నుంచి లేస్తలేదు. ఆఖరికి ఇద్దరి ప్రపోజల్ ఫారాలు తీసిన. పాలసీ ఇచ్చేముందు కస్టమర్ చెప్పింది రాసుకునే కాయితం అది. అండ్ల ఆక్యుపెన్సీ అని ఒక గడి ఉంటది, ఆ జాగల ఏం పని నడుస్తదని. రేటు చాలామటుకు దాని మీదనే. ఆపాది ‘ఇల్లు, టైలర్ దుకాణం’ అని ఉంది. యూసుఫ్‌ది ‘ఇల్లు’ అంతే.

“చూసినవా ఆపా, నీకు దుకాణం ఉంది. అందుకే ఎక్కువ” అన్న, గెలిచినట్టు.

“మరి వాని ముంగటి అర్రల దూది ఏకే మిషన్ ఉంది గదా? రజాయిలు కుడ్తడు. అది రాయలే?”

యూసుఫ్ కాయితం మల్ల దగ్గరికి తీసుకున్న. ఫారం మీద రాత నాదే. “ఇల్లేనా?” అని అడిగిన, “ఇల్లే” అన్నడు, రాసేసిన. బోధన్ బజార్ల ముంగట దుకాణం, ఎనుక సంసారం ఉన్నా అందరూ దాన్ని ఇల్లే అంటరు. ఈ జిల్లాలనే పుట్టి పెరిగిన నాకు అది తెల్వక కాదు, అడగలే. దూది అంటుకుంటే ఆ పాలసీ మీద కంపెనీ క్లెయిమ్ పైసలు ఇయ్యదు. యూసుఫ్‌కు ఉన్న ఆస్తి ఆ ఇల్లు, ఆ మిషన్, అంతే.

మేనేజర్‌కు నా తప్పు చెప్పి తిట్లు తిన్న. తెల్లారి బోధన్ పోయిన. యూసుఫ్ అక్క మీద గరమైండు.

“నీ రేటు తగ్గించుకోను పోయి నాది పెంచుకొస్తివా?”

“ఆమెను అనకు భాయ్, తప్పు నాది. దూది కాలితే ఈ కాయితం మీద నీకు ఏం రాదు. ఇప్పుడే దిద్దుకుందాం” అన్న.

యూసుఫ్ ఆ గడిల దూది మిషన్ అని నాతోని రాయించిండు. ఎండార్స్‌మెంట్ మీద, అంటే నడుస్తున్న పాలసీల దిద్దుబాటు మీద, మొకం మాడ్చుకుంటనే సంతకం పెట్టిండు.

వానలు పడకముందే మిషన్ మోటర్ల నిప్పురవ్వ లేసి ముంగటి అర్ర కాలిపోయింది. మనుషులకు ఏం కాలే, దేవుని దయ. నష్టం చూడను వచ్చిన సర్వేయర్ మొదలు చూసింది ఆ గడినే. దూది మిషన్ అని రాసి ఉంది. క్లెయిమ్ పాసైంది, యూసుఫ్ కొత్త మిషన్ బిగించుకున్నడు.

ఎక్కువైందని కొట్లాడేటోళ్ల గురించి నాకిప్పుడు రంది లేదు. తక్కువైందని సంబురపడి అడగకుండ పోయేటోళ్లనే పిలిచి కూసోబెడుత. రేటు అంతెందుకైందో చదివి వినిపించినంకనే పాలసీ చేతిల పెడుత.

మరుసటేడు రెన్యువల్‌కు యూసుఫ్ ఒక్కడే వచ్చిండు. పైసలు తియ్యకముందే కుర్సీ దగ్గరికి జరుపుకున్నడు.

“మేడం, మీ కంప్యూటర్‌కు నా గురించి ఏమేం చెప్పిండ్రో మొత్తం చదువుండ్రి. వినకుండ వస్తే అక్క ఇంట్లకు రానియ్యదు.”