ట్రేలో మిగిలిన గ్లాసు

ఎవరికీ చెప్పనని నా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చిన మనిషి, మూడు వారాలు తిరక్కుండానే చర్చి నిండా ఉన్న జనం ముందు చెప్పేశాడు. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. ఆ మనిషి, మా సంఘ పెద్ద, పోయిన మంగళవారం పొద్దున పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ కూలబడి, మళ్ళీ లేవలేదు.

"తోటాయనా, పెద్దాయన పోయినాడంట" అని పక్కింటతను కబురు తెచ్చాడు. చెప్పి వెళ్ళిపోకుండా నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను సంతోషిస్తానేమోనని చూసినట్టున్నాడు. ఈ ఊరు నన్ను అలాగే అర్థం చేసుకుంది. తప్పని కూడా అనలేను.

మాది గార్లదిన్నె దగ్గర ఒక పల్లె. పెద్దాయన చేతిపంపులు బాగుచేసేవాడు. నేను హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. మూడు బీరువాల పుస్తకాలు చదివాను. ఆయన చదివింది ఒకే గ్రంథం, అదీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ. సంఘంలో ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. నీతి అనే కవచం గుండెను ఎలా కాపాడుతుందో పాస్టరు గంటసేపు చెప్పి అలిసిపోయాక, ఆయన లేచి జేబులోంచి అరిగిపోయిన తోలు వాషరు ఒకటి తీసి చూపించేవాడు.

"పంపు లోపల ఇది బాగుంటేనే నీళ్ళొచ్చేది. పైన ఎంత రంగేసుకుంటే ఏమప్పా, గాలొస్తాది. గుండె గూడా అట్లే. ఎవురూ చూడని కాడ నువ్వు చేసే పనే దానికి వాషరు."

అంతే, కూర్చునేవాడు. అంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు. ఆ మాట ఆయన బతికుండగా ఆయనతో నేను ఒక్కసారి కూడా అనలేదు.

ఆయన నాకు మాట ఇచ్చిన ఏడు వేరుశనగకు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఊరి బోర్లన్నీ ఎండిపోయి, తాగడానికి రోజుకు రెండు టాంకర్ల నీళ్ళు వచ్చేవి. చదువుకున్నవాణ్ణని, టాంకరు వచ్చినట్టు చీటీ మీద సంతకం చేసే బాధ్యత నాకు అప్పజెప్పారు. నా చీనీ తోటలో బత్తాయి అప్పుడే తొలి కాపుకు వచ్చింది. ఆకులు ముడుచుకుపోతుంటే చూడలేకపోయాను. ఒక మధ్యాహ్నం టాంకరును తోటకు మళ్ళించి పాదుల్లో పోయించాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు. మూడోసారి, పక్క ఊళ్ళో పంపు బాగుచేసి సైకిలు మీద వస్తున్న ఆయన కంట పడింది. చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఆయన తడిసిన పాదుల వైపు చూసి, నా చేతిలో చెయ్యి వేసి, "చెప్పన్లేన్నా" అన్నాడు.

నీళ్ళు తగ్గిన సంగతి ఊరు కనిపెట్టింది. డ్రైవరు అమ్ముకున్నాడని అతన్ని పట్టుకుని కొట్టారు, పని మాన్పించారు. నేను నోరు మెదపలేదు. ఆ నెల ప్రభువు బల్ల, అంటే క్రీస్తు పేర అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం, రసం గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడ్డ ఆయన, పంచకుండా ఆగిపోయాడు.

"డ్రైవరు అమ్ముకోల్యా. నీళ్ళు యాడికి పోయినాయో నేను చూసినా. చూసి దాచిపెట్టినా."

నా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఆ కరువులో పచ్చగా ఉన్న తోట ఊరంతటికీ ఒక్కటే. చాప మీంచి లేచి బయటికి వచ్చేశాను. మొన్నటిదాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. డ్రైవరు తిరిగి టాంకరు ఎక్కాడు. నాకు తోటాయన అని పేరు పడింది. రెండేళ్ళకు ఆ చెట్లూ ఎండిపోయాయి, పేరు మాత్రం ఎండలేదు.

తోటివాడి మనసులో తన మీద కోపమేదైనా ఉండగా ఆ గ్లాసు ముట్టకూడదని ఆయన పట్టుదల. అందుకని బల్ల ఆదివారానికి ముందురోజు సాయంత్రం, ప్రతి నెలా, మా అరుగు మీదికి వచ్చేవాడు. ఆయన్ని చూడగానే నేను రేడియో పెద్దది చేసేవాణ్ణి.

"బాగుండావా అన్నా?"

"బాగలేకుంటే మందు తెచ్చినావా?"

"ల్యా. అడుక్కునేదానికొచ్చినా."

"దేనికి? నిజం చెప్పినందుకా?"

"దానికి కాదు. అది మళ్ళా అయినా చెప్తా. ఇయ్యకూడని మాట నీకిచ్చినా చూడు, దానికి."

"అయితే ఇంకో నెల ఆలోచించుకుంటా. పో, పొద్దు గూకుతాంది."

ఆయన నవ్వి, ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు బోర్లించి వెళ్ళేవాడు. ఒకసారి ఆయన భార్య మా వీధిలో ఎదురై చెప్పింది. "అందరికీ ఇచ్చి, తన గ్లాసు అట్లే ఎనక్కి పెడతాడన్నా. నువ్వొక్క మాట సరే అంటే తాగుతాడు." ఆ పూట నాకు అన్నం మరీ రుచిగా అనిపించింది. బీరువాల్లోని పుస్తకాలు నాకు నేర్పింది అంతే.

ఈలోగా ముగ్గురు పాస్టర్లు మారారు. ఒకతను నా దగ్గర పుస్తకాలు ఎరువు తీసుకుని ఎగ్గొట్టాడు. ట్రేలో నెలనెలా ఒక గ్లాసు మిగలడం ముగ్గురూ చూశారు. తాగవయ్యా, నీ వంతు నువ్వు చేశావు అని ఆయనతో ఒక్కరూ అనలేదు. గట్టిగా నిలదీయడానికి నా దగ్గరికీ ఎవరూ రాలేదు. సమాధి దగ్గర ఇప్పటి పాస్టరు, శుద్ధమైన మనసుతో జీవితాంతం బల్లలో పాలుపొందిన ధన్యుడని చెప్పాడు. అది అబద్ధమని నాకు తెలుసు. లేచి చెప్పలేదు. లేచి చెప్పేవాడు పెట్టెలో ఉన్నాడు.

చివరిసారి వచ్చినప్పుడు ఆయన మెట్టు ఎక్కలేక కిందే కూర్చున్నాడు. రేడియో కట్టేశాను. సరే అనే మాట నోటిదాకా వచ్చింది. ఇంకొక్కసారి అడిగించుకుందామనిపించింది. ఆయన అడగలేదు, ఆయాసపడుతున్నాడు. "నెలకు మళ్ళా వస్తాలేన్నా" అని లేచాడు.

మొన్న బల్ల ఆదివారం చర్చికి వెళ్ళాను. మా పాత చాప స్థానంలో ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాస్టరు ట్రే నా ముందుకు తెచ్చాడు. నేను చెయ్యి చాచలేదు. పక్క వరసలోంచి ఆయన భార్య వంగి, మెల్లగా అంది.

"తీసుకో అన్నా. ఇంకా ఆయన మీద కోపం ఉండాదా?"

"ఆయన మీద ఏమీ లేదమ్మా."

"మల్ల ఎవురి మీద?"

ట్రే ముందుకు పోయింది. వరసలన్నీ తిరిగి బల్ల మీదికి చేరేసరికి అందులో ఎప్పటిలాగే ఒక గ్లాసు మిగిలింది. కిటికీ ఎండ పడి అందులో రసం ఎర్రగా మెరుస్తోంది. ఆమె ఇంకా నా వైపే చూస్తోంది.

"తోటాయన మీదమ్మా" అన్నాను.