ప్లీడరుగారి గోడమీది తాళంచెవులు

మొన్న గురువారం పొద్దున కడప బస్టాండులో బద్వేలు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. మా ప్లీడరుగారు పోయారు. నిద్రలోనే పోయారట. తాగి బండి నడిపి పట్టుబడ్డవాళ్ల కేసులు ఏళ్ల తరబడి వాదించిన మనిషి. నాకు సొంత బండి ఉండి కూడా బస్సు కోసం నిలబడ్డానంటే, దానికి కారణం ఆయనే. ఆ సంగతి చెప్పకుండా ఈ వారం మీకు వాక్యం రాయలేను.

మొదట్లో ఆయన నాకు శత్రువు. నేను జీతం లేని బోధకుణ్ణి. కుట్టుమిషను పక్కన పెట్టుకుని చదువుకున్న వాక్యమే నా చదువంతా. తాగుడు మీద నా నోరు నిప్పు. ఒకసారి సరిగ్గా ఆయన ఆఫీసు ఎదురుగా మైకు పెట్టి, "ఈ మెట్లెక్కేవాడు తాగుబోతు, పైన కూర్చున్నవాడు తాగుబోతుల కాపరి!" అని అరిచాను. ఆయన చేతిలో బొరుగుల పొట్లంతో బయటికొచ్చి, నింపాదిగా నములుతూ చివరిదాకా విన్నారు.

"బాగా చెప్పినావప్పా. మైకు ఒక రవ్వ తగ్గిచ్చు. లోపల ఒకాయప్ప ఇప్పుడిప్పుడే నిజం చెప్తాండాడు, నాకు ఇనపడ్డంలే."

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవలేదు. ఒక ఆదివారం రెండు పల్లెల్లో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం నేనే పంచాను. గిన్నెలో మిగిలిన ద్రాక్షరసం పారబోయకూడదు, దాచిపెట్టకూడదు, పంచినవాడే తాగాలి. మా సంఘాల్లో అది పద్ధతి. మా పెద్దమ్మ నల్లద్రాక్ష పిండి, చక్కెర వేసి, జాడీలో మూతకట్టి పెట్టిన రసం అది. నెలరోజుల ఎండకు జాడీలో ఏం జరిగిందో పుట్టి బుద్ధెరిగి సారా వాసన చూడని నాకేం తెలుసు? రెండు పల్లెల్లోనూ రెండు గిన్నెలు ఖాళీ చేశాను. బండెక్కాక ఒళ్లంతా వెచ్చబడింది. గుండె తేలిపోయింది. ఆత్మ నామీదికి వచ్చిందనుకుని పాడుకుంటూ నడిపాను. బద్వేలు పొలిమేరలో పోలీసులు ఆపి యంత్రం నోట్లో పెట్టారు. అది కూసింది.

సాయంత్రానికి కబురు ఊరంతా తిరిగింది. సంఘం పెద్ద నా ఇంటికొచ్చి కూర్చోకుండానే చెప్పాడు. "నువ్వు తాగల్యాదని కోర్టు చెప్తేనే ఇంగ పీఠం ఎక్కేది. ల్యాకుంటే దిగిపోప్పా." పీఠం తప్ప నాకు ఇంకేముంది? మరునాడు ఏ మెట్లను తిట్టానో ఆ మెట్లే ఎక్కాను.

ఆయన వెటకారం చేయలేదు. చెయ్యి చాపారు.

"తాళంచెవి."

"దేనికి సారూ?"

"కేసు అయిపొయ్యేదాకా నీ బండి తాళం నాకాడ ఉంటాది. వాయిదాకు బస్సులో రావాల. ఇష్టం ల్యాకుంటే ఈ ఈదిలోనే ఇంకా ముగ్గురు ప్లీడర్లు ఉండారు."

ఆయన వెనక గోడకు ఒక చెక్కపలక, దానికి వరసగా మేకులు. ప్రతి మేకుకూ ఒక తాళంచెవి. నాది కూడా తగిలించి, ఎందుకో చెప్పారు. కొత్తగా నల్లకోటు వేసిన రోజుల్లో ఒకణ్ణి కాగితాల్లోని తప్పు పట్టి గెలిపించారట. వాడు ఆ సంతోషంలోనే తాగి బండెక్కి, గడ్డిమోపుతో ఎదురొస్తున్న ఒక ఆడమనిషిని గుద్దాడు. ఆమె బతకలేదు. "ఆ కేసు గెలిచింది నేనే గదప్పా," అన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత యంత్రం ఇచ్చిన నా చీటీ పైకీ కిందికీ చూశారు. "అంకె చట్టం గీతకు కాస్తే పైన ఉండాది. నోరు పుక్కిలించనిచ్చిన్యారా? కాసేపాగి రెండోసారి ఊదిచ్చిన్యారా?"

"లేదు సారూ."

"అయితే అడగడానికి నాకు ప్రశ్న ఉండాది. అడగడం తప్పు కాదు, చట్టమే ఇచ్చిన ప్రశ్న. ఆ యంత్రం ఒక్కటే సాక్షి. సాక్షిని నిలదీయకుండా మనిషిని దోషి అనకూడదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాక్యంలో కూడా ఒక్క సాక్షి మాట చాలదనే ఉందని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశారు.

"అది సరే. ఇది నాకు చెప్పు. బండి మీద పోతాంటే నీకు ఎట్లుండింది?"

ఒళ్లు వెచ్చబడడం, గుండె తేలిపోవడం, పాట, అన్నీ చెప్పాను. ఒక మలుపులో గొర్రెలమంద అడ్డం వస్తే ఆఖరి క్షణంలో బ్రేకు వేసిన సంగతి అంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు. అదీ చెప్పాను. ఆయన చిన్నగా నవ్వారు.

"ఆత్మ అనుకున్యావా? దేవుని గిన్నె అని యంత్రానికి తెల్దు, గొర్రెకూ తెల్దప్పా. ఇప్పుడు ఇను. పోలీసాయన్ని నేను ప్రశ్న అడుగుతా, గెలిస్తే గెలుస్తాం. నువ్వు మాత్రం బోనెక్కి 'నేను తాగల్యా' అంటే, ఆ పూటే నీ కాగితాలు నీ చేతికిస్తా. కొట్లాడేదా, ఉన్నదున్నట్టు ఒప్పుకునేదా, ఏది కావాల్నో నువ్వే చెప్పు."

గెలిస్తే పీఠం. ఒప్పుకుంటే ఏమీ లేదు. మూడు రోజులు వాక్యగ్రంథం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎన్ని పేజీలు తిప్పినా గడ్డిమోపు ఆడమనిషే కనబడింది. నాలుగో రోజు బస్సెక్కి పోయి, ఒప్పుకుంటానన్నాను. "శానా కష్టం నెత్తికెత్తుకుంటాండావు," అని, తన పొట్లంలోంచి నా దోసిట్లో బొరుగులు పోశారు.

మేజిస్ట్రేటు ముందు ఆయన నా కథ ఉన్నదున్నట్టు చెప్పి, జైలు వద్దని అడిగారు. జుల్మానా పడింది. ఆరు నెలలు లైసెన్సు ఆగింది. సంఘంలో నేను వెనక బెంచీకి పోయాను. ఏడాది గడిచాక ఒక ఆదివారం మా పెద్దమ్మ లేచింది. "ఆ రసం చేసింది నేను. నన్ను గూడా యెనక్కి పంపీండి, ల్యాకుంటే ఆయప్పను ముందుకు పిలవండి." పిలిచారు. అప్పటినుంచి మా సంఘాల్లో ద్రాక్షరసం ఏ పూటకాపూట పిండుతాం.

లైసెన్సు తిరిగొచ్చినప్పుడు ప్లీడరుగారు నా తాళంచెవి తీసి చాపారు. "ఉండనీ సారూ," అన్నాను. ఆ తర్వాత పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ ఇద్దరం కలిసి పోయేవాళ్లం. మైకు నాది, మాట ఆయనది. "ఊదమంటే ఊదు, మొండికేస్తే అది ఇంకో కేసు. అంకె తప్పనిపిస్తే ఆడనే రక్తపరీక్ష అడుగు. పోలీసుతో నోరు పారేసుకోవద్దు. ఇదంతా వద్దనుకుంటే, తాగేటికి ముందే తాళం ఇంట్లో ఆడోళ్లకిచ్చి పో." మా ప్రాంతంలో ఎందరో ఆ నాలుగు మాటలతో బతికి ఇల్లు చేరారు.

అంత్యక్రియలయ్యాక ఆఫీసుకు పోయాను. పలక మీద నాలుగు తాళంచెవులు మిగిలున్నాయి. ఒకటి నాది. మిగతా మూడింటి తాలూకు మనుషులు అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్ల కేసులింకా నడుస్తున్నాయి. ఒకడు మేకు మీదికి చెయ్యి చాపాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ప్లీడరే పాయె గదా అయ్యగారూ. ఇంగ తాళం ఎవురికోసరం?"

"నీ బండికి ఎదురొచ్చే ఆయమ్మ కోసరం," అన్నాను. "కేసు అయిపోనీ, నేనే తెచ్చిస్తా."

వాడు చెయ్యి దించుకున్నాడు. ప్లీడరుగారి భార్య ఆ పలక విప్పించి నా చేతికిచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మా మందిరం వాకిలి పక్కన కొట్టాను. నిన్న ఆదివారం వాక్యం తెరవబోతుంటే వాకిట్లోంచి గాలి కొట్టింది. తుప్పు పట్టిన నా తాళంచెవి పక్కదానికి తగిలి, నాలుగూ కదిలాయి. ఆ చప్పుడు ఆగేదాకా నేను నోరు విప్పలేదు.