చెల్లెలి కుర్తా కొలత

1991 నవంబరు 10, ఆదివారం. సిద్దిపేటలో మా ఇంటి అరుగు మీద నేను, మా ఆవిడ, పక్కింటి దర్జీ, ఆయన భార్య.

మేమిద్దరం కాశీయాత్ర నుంచి తిరిగొచ్చిన మరునాడది. యాత్ర బస్సు నేపాల్ దాకా వెళ్లింది. సరిహద్దు దగ్గర మమ్మల్ని వీసా అడగనే లేదని చెబుతుంటే దర్జీ భార్య చాయ్ తాగడం ఆపేసింది. ఆమె చెల్లెలు పెళ్లయి కరాచీ వెళ్లినప్పటి నుంచి అక్కాచెల్లెళ్లు కలుసుకోలేదు. ఈమె రెండుసార్లు అడిగినా పాకిస్తాన్ వీసా రాలేదు.

"నిజంగనే మనోళ్లను వీసా అడగరా అన్నా?"

"అడగరమ్మా. మీ చెల్లె వీసా తీసుకొని ఖాట్మండుకు వస్తే ఆడ కలుసుకోవచ్చు," అన్నాను.

దర్జీ నవ్వాడు. "పక్కనున్న కోహెడకు బస్సెక్కితేనే నిమ్మకాయ వాసన చూసుకుంట కూసుంటది. ఇగ నేపాల్ పోతదట!"

"నువ్వు రాకు తియ్యి. నీకు ఆ మిషినే పెండ్లాం," అందామె. అని తల దించుకుంది. ఆమె ఒంటరిగా అంత దూరం వెళ్లగలిగే మనిషి కాదని మా అందరికీ తెలుసు. దర్జీ లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మిషిను చప్పుడు విని వెళ్లాను. ఆకుపచ్చ కుర్తా కుడుతున్నాడు. పక్క కుట్ల లోపల చాలా గుడ్డ వదిలేశాడు. అంతెందుకని అడిగాను.

"మరదలు కరాచీ పోయిన్నాడు సన్నగ ఉండె సార్. ఇప్పుడెట్లుందో! చూసినంక ఆడనే విప్పి, కొలతకు కుడత," అంటూ సూదీ దారం ప్రయాణం సంచిలో వేశాడు.