పని లేకున్నా వేడెక్కే డబ్బా

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఇరవై ఏళ్లు కరెంటు పని చేసినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. పది ఆంపియర్లు చాలే చోట ముప్పై పెడతాడు. మిషన్ ఆగితే తిట్లు తినేది తనే కాబట్టి పెద్దది బిగించి నిశ్చింతగా ఉంటాడు. వృథా అయితే అది కంపెనీ కరెంటు. ఆ జబ్బును నేను సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దగ్గర మా అక్క చేను దాకా మోసుకెళ్లాను.

అక్క అక్కడ రేకుల షెడ్డులో నాటుకోడి గుడ్లు పొదిగే పెట్టె పెట్టుకుంది. కరెంటు స్తంభాలు అంతదూరం రాలేదు కాబట్టి సోలార్ పలకలు, ఇరవై నాలుగు వోల్టుల బ్యాటరీలు. పెట్టెకు కావాల్సింది పన్నెండు వోల్టులే. మధ్యలో వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ నన్ను చూసి తెమ్మంది. ఊళ్లో ఆడవాళ్లు తమ గుడ్లను ఆమెకు పాలుకు ఇచ్చేవాళ్లు. పిల్లలు లేస్తే సగం వాళ్లకు, సగం అక్కకు. బావ పోయాక ఆమె బతుకు నిలబడింది ఆ నమ్మకం మీదే.

సంగారెడ్డిలో సోలార్ సామాన్లు అమ్మే చాచా నా ముందు రెండు పెట్టాడు. ఒకటి అరచేతిలో పట్టేంత, రెండోది ఫ్యాను కూడా ఉన్న పెద్ద డబ్బా.

"చిన్నదే తీస్కపో బేటా. పెద్దది ఖాళీగున్నా తింటది" అన్నాడు.

నేను నవ్వాను. పెద్దదాని మీద రాసిన సామర్థ్యం శాతం ఎక్కువ మరి. అది నిండు లోడు మీద కొలిచిన శాతమనీ, అక్క పెట్టె అందులో పదో వంతు కూడా లాగదనీ నాకు తెలుసు. తెలిసీ పెద్దదే తెచ్చాను.

బిగించిన రోజు, వేడి సరిపోయి పెట్టెలో బల్బులు ఆరి ఉన్నప్పుడు, అక్క ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది.

"తమ్మీ, ఇప్పుడు పనేం చేస్తలేదు గదా, గింత వేడిగున్నదేందిరా?"

"పెద్ద మిషన్లు గట్లనే ఉంటయక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు."

మీటరు నా జేబులోనే ఉంది. తీసి పెడితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. గుడ్లు పొదిగే మనిషికి కరెంటు సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

ఎండ కాసినన్నాళ్లూ బాగానే నడిచింది. ఆషాఢంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. గుడ్లు పెట్టిన పద్దెనిమిదో రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. నేను పోయేసరికి బ్యాటరీలు పూర్తిగా పడిపోయి ఉన్నాయి, గుడ్లు చల్లబడ్డాయి. అప్పుడు తీశాను మీటరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గుడ్లకు అందాల్సిన కరెంటును రాత్రీ పగలూ ఆ డబ్బాయే తిన్నది.

వారం చూశాం. ఒక్క పిల్లా లేవలేదు. గుడ్లిచ్చిన ఆడవాళ్లు నలుగురు షెడ్డుకు వచ్చారు. నేను కన్వర్టర్ విప్పుతున్నాను, వాళ్లకు మూడడుగుల దూరంలో.

"తప్పు నాదే. మూత సక్కగ వెయ్యలే, సల్లగాలి దల్గింది" అంది అక్క.

నా వైపు చూడను కూడా లేదు. ఊళ్లో నాకు కరెంటు తెలిసినోడని పేరుంది, అది పోగూడదనుకుందేమో. నేను తల వంచుకుని మరలు విప్పుతూ ఉండిపోయాను. వాళ్లు వెళ్లాక నా తప్పు ఒప్పుకుంటే "నాకెర్కనే, ఇడిసిపెట్టు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ చెప్పాల్సింది ఆమెకు కాదు.

ఇప్పుడు చిన్న కన్వర్టరే పెట్టాను. ఎంత ముసురు పట్టినా బ్యాటరీ పడిపోదు. పెట్టెలో మాత్రం అక్క సొంత గుడ్లు తప్ప లేవు.

పోయిన నెల బస్సు కోసం నిలబడితే ఆ నలుగురిలో ఒకామె పలకరించింది.

"మీ అక్క చెయ్యి అచ్చిరాదు తమ్మీ. కోడి కింద గుడ్లు వెయ్యనీకి గూడ ఎవ్వలు పిలుస్తలేరు" అంది, జాలిగానే.

చెప్పడానికి టైం ఉంది. బస్సు ఇంకా మలుపు దగ్గరే ఉంది. అది వచ్చి ఆగేదాకా రోడ్డు వైపు చూస్తూ నిలబడి, ఎక్కేశాను.