మాస్కు దించి అడిగిన ప్రశ్న

కరోనా రెండో ఏడు, తెలుగు వచ్చు కదా అని నన్ను సర్వే పనికి సూరత్ పంపారు. తెలుగు నేత కార్మికులుండే వడోద్ గల్లీల్లో గది గదికీ తిరిగి, ఎవరికి జ్వరాలున్నాయో ఫోన్‌లో ఎక్కించాలి. ఆ సాయంత్రానికి కాళ్లు పీకుతున్నాయి. అవే ప్రశ్నలు అడిగీ అడిగీ నా గొంతంటే నాకే విసుగొచ్చింది.

గల్లీ చివరి గదిలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. జ్వరముందా, దగ్గుందా, ఆయాసముందా అని గడప బయటి నుంచే అడిగాను. ప్రతిదానికీ నవ్వుతూ అడ్డంగా తల ఊపాడు. నేను 'లేదు' నొక్కుకుంటూ పోయాను. చివరికి పేరు అడిగితే, దానికీ అలాగే తల ఊపాడు.

నాకు చిరాకేసింది. ఆయన నా మాస్కు వైపు వేలు చూపించాడు.

"జర అది కిందికి గుంజు బిడ్డా. సాంచెల మీద బట్ట నేసి నేసి, ఆ మోతకు చెవులు పోయినయ్. మేమంత మూతులు చూసే మాట్లాడుకుంటం. గిప్పుడు అందరు మూతులు మూసుకున్నరు. ఏమడుగుతున్నరో తెల్వక తల ఊపుతున్న."

గల్లీ అవతలి గోడదాకా వెనక్కి జరిగి మాస్కు దించాను. "జ్వరముందా కాకా?"

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఉన్నది బిడ్డా. మొన్నటి సంది."

ఆయనది 'ఉంది' అని మార్చాను. కానీ ఆ గల్లీలో అందరూ మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. వాళ్లంతా ఇలాగే తల ఊపి చెప్పిన 'లేదు'లు అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయాయి.

కాళ్లీడ్చుకుంటూ మళ్లీ మొదటి గది తలుపు కొట్టాను.